బాగుచేసినవాళ్లే రాయాలి

నా మోకాలికి ఆపరేషన్ అయి నలభై రోజులు దాటింది. రోజూ పొద్దున్న కాఫీ తాగడం ఆలస్యం, మా మనవరాలు నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నా కాలు తన రెండు చేతుల్లోకి తీసుకుని, బోరింగు పంపు కొట్టినట్టు కిందకీ పైకీ ఆడిస్తుంది. కూతురి కూతురు. ఇక్కడే బిలాస్‌పూర్‌లో ఫిజియోథెరపీ చదువుతోంది. నా కాలు దానికి కాలూ, పుస్తకమూ రెండూను. నేను అరిచినప్పుడల్లా “బస్ అమ్మమ్మా, దస్ బార్ ఔర్” అంటుంది, ఆ పది ఎప్పటికీ పదిగా ఉండదు.

మొన్న అలా ఆడిస్తూ ఆడిస్తూ, ఈ పనిని తెలుగులో ఏమంటారని అడిగింది. కాలేజీలో దాన్ని రిహాబ్ అంటారట. ఆసుపత్రికి వచ్చే మన రైల్వే ముసలివాళ్లకు హిందీలో చెబితే తలాడిస్తారు గానీ ఇంటికెళ్లి చెయ్యరట, సొంత భాషలో చెబితే చేస్తారేమోనని దాని ఆశ. నేను ఆలోచిస్తుండగానే ఫోనులో వెతికి, పునరావాసం అని చదివించింది. తనకు తెలుగు అక్షరాలు రావు, ఫోనే పైకి చదివింది. నాకు నవ్వాగలేదు. ఆ మాట నేను పేపర్లో చదివాను. డ్యాము కట్టి ఊళ్లు ముంచేశాక, ఆ జనానికి ఇంకోచోట జాగా చూపిస్తే దాన్ని అంటారు. నా మోకాలు ఉన్నచోటే ఉంది, దానికి వేరే ఊళ్లో జాగా అక్కర్లేదు అన్నాను. మళ్లీ వెతికి, పునరుద్ధరణ అంది. అది గుడి గోపురానికీ, ఆగిపోయిన రైలుకీ వాడతారే, నేను ఆ రెండూ కాదు అన్నాను.

“అయితే నువ్వే బోలో అమ్మమ్మా, ఏటంటారు?”

“బాగుచెయ్యడం అంటారే. మరేటంటారు.”

అదేదో చాలా చిన్నమాట అన్నట్టు మొహం పెట్టింది పిల్ల. ఇంత చదువు చదివినదాని పనికి అంత చిన్న పేరా అని కాబోలు. కానీ మా చిన్నతనంలో మా అమ్మ నోట రోజుకు పదిసార్లైనా వచ్చే మాట అది. బియ్యంలో రాళ్లేరడం బాగుచెయ్యడమే, చేపల పొలుసు తీయడం బాగుచెయ్యడమే, కారే గిన్నెకు మాటు వేయించడం, చంటిబిడ్డకు పట్టిన జలుబు వదిలించడం, మట్టి పూడిపోయిన కాలవ తవ్వడం, తాగుడు మరిగినవాణ్ణి దారికి తేవడం, అన్నిటికీ అదొక్క మాటే. ఇప్పుడు మా అపార్టుమెంటులో మిక్సీ ఆగిపోతే మా అమ్మాయి “బదల్ దో” అంటుంది, పారేసి కొత్తది తెమ్మని. గొడుగు పుల్ల విరిగినా అదే, కుర్చీ కాలు ఊగినా అదే. బాగుచెయ్యడం అనే మాట ఈ ఇంట్లో విని ఎన్నాళ్లయిందో అనుకుంటే, ఆ మాటతో పాటు మా ఆయన గుర్తొచ్చారు. గుర్తొచ్చి, పోలేదు. అందుకే ఈ కాగితాలు ముందేసుకున్నాను. నా వయసు వాళ్లు, రైల్వే క్వార్టర్లలో బతికినవాళ్లు ఎవరైనా చదివితే, నేను దేని గురించి చెబుతున్నానో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్లయి బిలాస్‌పూర్ వచ్చేనాటికి నాకు సంతకం కూడా రాదు. మా నాన్న ఆడపిల్లలను బడికి పంపలేదు, పంపాలని ఆయనకు తోచను కూడా లేదు, అందులో దాపరికమేమీ లేదు. మా ఆయన వేగన్ ఫిట్టరు. యార్డు పక్కనే ఉండే సిక్ లైన్‌లో ఆయన డ్యూటీ. తెలియనివాళ్లకు చెబుతాను: బొగ్గు మోసుకొచ్చే వేగన్లలో దేనికైనా చక్రమో, స్ప్రింగో, బ్రేకో పాడైతే దాని పక్కమీద సుద్దతో ‘సిక్’ అని రాసి, బండి నుంచి విడదీసి, ఒక పక్క పట్టాల మీదకు తోసేస్తారు. అదే సిక్ లైన్. మనుషులకు ఆసుపత్రి ఎలాగో వేగన్లకు అది అలాగ. అక్కడ బాగుచేశాక, ఆ ‘సిక్’ తుడిచేసి ‘ఫిట్’ అని రాస్తారు. ఆఫీసు కాగితాలూ పెద్దవాళ్ల సంతకాలూ వేరే ఉండేవి, వాటి సంగతి నాకు తెలియదు. కానీ ఆ సుద్ద రాతకు మాత్రం వాళ్లలో వాళ్లకొక కట్టుబాటు ఉండేది. వేగన్‌ను ఎవరు బాగుచేశారో వాళ్లే ‘ఫిట్’ అని రాసి, కింద తమ గుర్తు పెట్టాలి. ఒకరు బాగుచేసినదాని మీద ఇంకొకరు రాయకూడదు. చెయ్యి ఖాళీ లేకపోయినా, భోజనానికి వెళ్లినా, ఆ మనిషి వచ్చేదాకా వేగన్ అలా ఎదురుచూడాల్సిందే. మా ఆయన గుర్తు చిన్న చేప. ఒక్క గీతలో, చెయ్యి ఎత్తకుండా గీసేవారు. స్టేషనులో ఎప్పుడైనా గూడ్సు బండి పోతుంటే నేను చదువు రానిదాన్నైనా ఆ చేప కోసం వెతికేదాన్ని, కనబడితే ఎవరో మావాళ్లు కనబడినట్టు ఉండేది.

మా అమ్మాయి రెండో క్లాసులో ఉన్నప్పుడు ఆయన కుడిచేతి మీద వేగన్ తలుపు పడింది. తప్పు ఎవరిదీ కాదు, ఆయనదే. గొళ్లెం సరిగ్గా పడిందో లేదో చూడకుండా చెయ్యి పెట్టారు, ఆ మాట ఆయనే చెప్పేవారు. ఎముకలు అతికాయి గానీ, కట్టు విప్పేసరికి ఆ చెయ్యి ఎవరిదో పరాయిదిలా ఉంది. మూడు వేళ్లు వంగవు, బొటనవేలు వణుకుతుంది. రైల్వే ఆసుపత్రి డాక్టరుగారు, చేతికి రోజూ పని చెప్పాలి, మూడు నెలల తరువాత చూస్తాం, అప్పటికి పట్టు వస్తే మళ్లీ షెడ్డుకి, లేకపోతే ఏదైనా తేలిక డ్యూటీ అన్నారు. తేలిక డ్యూటీ అంటే ఆఫీసు గుమ్మం బయట బెంచీ మీద కూర్చుని, గంట కొట్టినప్పుడు లేవడం. ఆ బెంచీ పేరు ఎత్తితే చాలు, మా ఆయన మొహం నల్లబడిపోయేది.

మరి అంత భయం ఉన్న మనిషి చేతికి పని చెప్పాలా వద్దా? చెప్పలేదు. పిసకమని డాక్టరుగారు ఇచ్చిన రబ్బరు బంతి రెండోరోజుకే మంచం కిందకు దొర్లింది. కిటికీ దగ్గర కూర్చుని యార్డు వైపు చూస్తూ ఉండేవారు. వినడమే పని. వేగన్ల బఫర్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడును బట్టి అదెన్ని వేగన్ల బండో చెప్పేవారు, అది తప్ప రోజంతా మాట లేదు. మస్తూరీ ఊరి నుంచి వచ్చే బియ్యం చేటలో పోసి రాళ్లేరమని ముందు పెడితే ఎడమచేత్తో ఏరి, చేట నాకు తోసేశారు. కుడిచెయ్యి ఒళ్లో పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది.

ఆయనతో పాటు షెడ్డులో పనిచేసే ఛత్తీస్‌గఢీ అతను ఒకడు రోజూ కర్గీ రోడ్ నుంచి ప్యాసింజరులో డ్యూటీకి వచ్చేవాడు. మా ఆయనను భయ్యా అనీ నన్ను భౌజీ అనీ పిలిచేవాడు, నాకు మరిది వరస. మా క్వార్టర్లలో తిరిగి తిరిగి తెలుగు బాగానే పట్టాడు. రెండు రోజులకోసారి వచ్చి కూర్చుని, షెడ్డు కబుర్లు చెప్పి, పోతూ పోతూ జేబులోంచి లావుపాటి సుద్దముక్క తీసి కిటికీలో పెట్టి వెళ్లేవాడు. భయ్యా చెయ్యి మరచిపోకూడదట. ఆ ముక్కలు అక్కడ వరసగా పోగయ్యాయి, ఒక్కటీ కదల్లేదు.

ఇంతలో మా అమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మకూ చదువు రాదు, ఊళ్లో ఎవరిచేతో రాయించేది. ఇక్కడ మా ఆయన చదివి వినిపించి, నేను చెప్పింది రాసేవారు. ఈసారి చదివారు గానీ రాయలేరు. పక్క క్వార్టర్లో రాసిపెట్టేవాళ్లు లేక కాదు. కానీ మా ఇంట్లో ఏం జరుగుతోందో నేను అమ్మకు చెప్పాలంటే పక్కింటావిడకు ముందు చెప్పాలి, అది నా వల్ల కాదు. ఆ రోజు ఆ సుద్దముక్కల వరస చూస్తుంటే నాకో ఉపాయం తోచింది. చెయ్యి బాగుచేసుకోమంటే చేసుకోని మనిషి, నన్ను బాగుచెయ్యమంటే చేస్తాడేమో. ఆ నేర్పే వంకన ఆ చెయ్యే కదులుతుంది. ఒక ముక్క తీసుకెళ్లి ఆయన కుడిచేతిలో పెట్టాను.

“నాకు అచ్చరాలు నేర్పండి. మా అమ్మకి ఉత్తరం నానే రాసుకుంటాను.”

“ముప్పై ఏళ్లొచ్చాక నీకేటే అచ్చరాలు? పిల్లతో పాటు రెండో కిలాసులో కూకుంటావేటి?”

“కూకుంటాను. మీరు మాత్రం మాస్టారులాగ కుర్చీ మీద కాదు, కిందే కూకోవాలి. నడుం వంగుద్దా, అదీ పోయిందా?”

ఆ మాటకు రోషం వచ్చి కిందకు దిగారు. సిమెంటు గచ్చు మీద మొదటి అక్షరం రాశారు. అది తొక్కిన నత్తలా వచ్చింది. దాని కింద నేను రాసింది దానికి తోబుట్టువు. ఎవరిది ఎవరు రాశారో చెప్పలేకపోయాం, చాలా రోజుల తరువాత ఆయన నవ్వడం ఆవేళే విన్నాను. అప్పట్నుంచి మధ్యాహ్నం గిన్నెలు తోమి, గచ్చు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం నా వంతు, రాయడం ఇద్దరి వంతు. ఆయన మంచి గురువు కాదు, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఓర్పు లేదు. నేను గుడి దీర్ఘం మరిచిపోతే పట్టాలు తప్పిన బండిని చూసినట్టు చూసేవారు. నేనూ పడి ఉండే రకం కాదు, మీ వంకర రాత చూసే నాకు వంకర అబ్బుతోందని అనేదాన్ని. దాంతో మొండిగా మళ్లీ మళ్లీ రాసి చూపించేవారు. నాకు కావలసిందీ అదే. మంగ్లా పొలాల నుంచి గంపలో కూరలు తెచ్చే ఆవిడ గుమ్మంలో నిలబడి, ముగ్గు వేసే చోట మగమనిషి గీతలు గీయడమేమిటని ముక్కున వేలేసుకునేది.

రెండు నెలలు తిరిగేసరికి ఆయన చెయ్యి సంగతి చెబుతూ నాలుగు వరసల ఉత్తరం ఒకటి రాసి మా అమ్మకు పంపాను. జవాబు వచ్చింది. అల్లుడుగారి చెయ్యి ఇంకా వణుకుతున్నట్టుంది, ఉత్తరం చదివిన మాస్టారుకి సగం బోధపడలేదు, మంచి డాక్టరుకి చూపించండి అని. ఆ జవాబు నేనే కూడబలుక్కుంటూ చదివాను, చదువుతూ ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

మూడు నెలలూ అయ్యాయి. ఆ రోజు పొద్దున్నే ఆయన తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్గీ రోడ్ మరిదిని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లారు. అప్పటికి ఆ చెయ్యి చెంబు ఎత్తుతోంది, సుద్ద పట్టుకుంటోంది. ఫిట్ అంటారనే నా నమ్మకం. పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన వచ్చి, ఇంకో నెల ఆగి రమ్మన్నారని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. ఇంకో నెలంటే ఇక బెంచీయే అనుకున్నాను. మూడు నెలలు బిగబట్టుకున్నదంతా నోట్లోంచి వచ్చేసింది. మీకు పని మీద మనసు పోయింది, ఆడదానితో గచ్చు మీద గీతలు గీసుకుంటూ కూర్చోవడం మరిగారు, రేపు బెంచీ మీద కూర్చున్నా మీకు సిగ్గుండదు అన్నాను. ఇంకా అన్నాను, అన్నీ రాయలేను. మర్నాడు మధ్యాహ్నం ఆయనే గచ్చు తుడిచి, సుద్ద పట్టుకుని కిందకూర్చుని, “ఒత్తులు రాయి” అన్నారు. ఆ నెలంతా ఒత్తులే.

నెల తిరిగాక ఫిట్ అన్నారు. బరువులెత్తే పని కాదు. పట్టాల పొడుగునా నడుస్తూ, ఎడమచేత్తో సుత్తి పట్టుకుని చక్రాలు మోగించి చూసి, పాడైన వేగన్లకు గుర్తులు వేసే పని, చిన్నాచితకా రిపేర్లు. షెడ్డే కదా, ఆయనకు అది చాలు. మొదటిరోజు డ్యూటీకి వెళుతున్న మనిషిని వీధి మలుపు దాకా చూసి, లోపలికి వచ్చి, సుద్దముక్క తీసి, క్వార్టరు తలుపు మీద ‘ఫిట్’ అని రాశాను. ఇంటి బయట నేను రాసిన మొదటి మాట అది. కింద నా గుర్తుగా ఒక ముగ్గు చుక్క పెట్టాను. బాగుచేసింది నేను కదా మరి, రాయాల్సిందీ నేనే. ఆ ఉపాయం నాదని ఆయనకు తెలియాలనే రాశాను.

సాయంత్రం ఆయన వచ్చి తలుపు ముందు ఆగారు. చదివారు. జేబులోంచి సుద్ద తీసి, నా రాత కిందనే, ఆ వణికే చేత్తో, ఆయనా ‘ఫిట్’ అని రాశారు. దాని కింద చేప గీశారు. చేప తోక దగ్గర గీత కాస్త తెగింది. నాకు ఒళ్లు మండింది. నేను రాసింది బాగులేదని దిద్దుతున్నారనుకున్నాను. నా గుడి సరిగ్గానే ఉంది, నా పొల్లు సరిగ్గానే ఉంది, మళ్లీ రాయడం ఎందుకు అని అడిగాను. “ఉండనీయే, ఏటైంది ఇప్పుడు” అని నవ్వి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయారు. ఆ రెండు రాతలూ వానలకు చెరిగిపోయేదాకా తలుపు మీద ఉన్నాయి. నేనింక ఆ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఆయన రిటైరయ్యాక క్వార్టరు వదిలి మంగ్లా వైపు వచ్చేశాం. కూరల గంపలు వచ్చే పొలాల మీదే ఇప్పుడు మా అపార్టుమెంటు ఉంది. ఆయన పోయి ఏడేళ్లు. పదోరోజుకు కర్గీ రోడ్ మరిది కర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన కబుర్లు చెప్పుకుంటూ, నవ్వుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, నేను నా ఉపాయం సంగతి, భయ్యాను మాయచేసి చెయ్యి ఎలా బాగుచేశానో చెప్పుకొచ్చాను. అతను నన్ను వింతగా చూశాడు.

“అచ్ఛా? భయ్యా మాకు వేరే చెప్పాడు భౌజీ.”

“ఏటి చెప్పారు?”

“మా ఇంట్లో ఒక వేగన్ ఉంది రా, పెళ్లైనకాడి నుంచీ సిక్ లైన్ల నిలబెట్టేశాను, నాకే సిగ్గుగా ఉంది, ఇప్పుడు టైము దొరికింది, బాగుచేస్తన్నాను అనీవాడు. డాక్టరుసాబు మొదటిసారే ఫిట్ రాసేస్తానన్నాడు. నేను పక్కనే ఉన్నాను కదా. భయ్యాయే, నై సాబ్, చెయ్యి ఇంకా వణుకుతోంది, ఇంకో నెల ఇవ్వండి అన్నాడు. బయటికొచ్చి, ఎందుకు భయ్యా అంటే, ఒత్తులు మిగిలిపోనాయి రా అన్నాడు.”

ఆ తరువాత అతను ఏం చెప్పాడో నేను వినలేదు. పాయసం పాలూ, నేనన్న మాటలూ, మర్నాడు ఆయన తుడిచిన గచ్చూ కళ్ల ముందు తిరిగాయి. ఆ బెంచీ అంటే అంత భయం ఉన్న మనిషి, నాలుగు ఒత్తుల కోసం ఇంకో నెల ఆ భయంతో కూర్చున్నాడు. నేను నోటికొచ్చిందల్లా అంటే పడ్డాడు. తలుపు మీద ఆయన నా రాత దిద్దలేదు. తాను బాగుచేసినదాని మీద తాను రాసుకున్నాడు. ఇన్నేళ్లు ఒక్క ఇంట్లో ఉండి అది నాకు తెలియలేదు. తెలిసేసరికి, తెలిసిందని చెప్పడానికి మనిషి లేడు. నా నోరు పెద్దదని అందరూ అంటారు, నిజమే. ఆ ఒక్కమాట చెప్పుకోవడానికి మాత్రం అది పనికిరాలేదు.

ఇప్పుడు వేగన్ల మీద సుద్ద రాతలు తగ్గిపోయాయనీ, అన్నీ యంత్రాల్లోనే రాసుకుంటారనీ చెప్పుకుంటున్నారు. నిజమో కాదో నేను వెళ్లి చూడలేదు. ఎవరు బాగుచేశారో ఆ యంత్రానికి తెలిసే ఉంటుంది, కానీ స్టేషనులో నిలబడ్డ ఆడమనిషికి ఎలా తెలుస్తుంది? మేమున్న క్వార్టర్ల వరస కూడా కొట్టేశారట. ఆ తలుపు ఏ పొయ్యిలోకి పోయిందో. నా దగ్గర మిగిలింది, ఆ కిటికీలో పోగైన వాటిలోంచి దాచుకున్న సుద్దముక్క ఒకటి. బొత్తాల డబ్బాలో ఉంది.

నిన్న మా మనవరాలు నా కాలు చివరిదాకా వంచి చూసి, “అమ్మమ్మా, హోగయా, కల్ సే ఖుద్ చల్నా” అంటూ, ఇక రేపట్నుంచి నా అంతట నేనే నడవాలని చెప్పి, ఏదో కాగితం మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు గిలికి, కాలేజీకి పరిగెత్తింది. పిల్ల చెయ్యి మంచిది, నొప్పి పెడుతుంది గానీ వదిలిపెట్టదు. నేను కర్ర లేకుండా లేచి, గది దాటి, ముందుతలుపు దాకా నడిచాను. డబ్బాలోని సుద్దముక్క ఎప్పుడు తీశానో నాకే తెలియదు, చేతిలో ఉంది. వార్నిషు పూసిన కొత్త తలుపు, నున్నగా, ఒక్క గీత లేకుండా ఉంది. దూరంగా యార్డులో బఫర్లు తగిలిన చప్పుడు వినబడింది, ఎన్ని వేగన్లో చెప్పేవాళ్లు లేరు. చెయ్యి ఎత్తాను గానీ రాయలేదు. మన మీద మనం రాసుకోకూడదు కదా. బాగుచేసిన పిల్లకు ఆ అక్షరాలు రావు, అక్షరాలు వచ్చిన మనిషి లేడు. సుద్దముక్క మళ్లీ డబ్బాలో వేసి, సాయంత్రం పిల్ల వచ్చేసరికి వరండా గచ్చు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను.